మొదట్నుంచి మేడం

పిల్లలు నాకో పేరు పెట్టారని తెలిసేసరికి నేను పియానో చెప్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. తెలిసిన తీరు కూడా అంత గౌరవంగా ఏమీ లేదు. మన్సూరాబాద్‌లో మా ఇంటి మెట్ల మీద ఇద్దరు పిల్లలు చెప్పులు విప్పుకుంటున్నారు. నేను లోపల కిటికీ దగ్గర కరివేపాకు దూస్తున్నాను. "జల్ది నడువ్‌రా, మొదట్నుంచి మేడం తిడ్తది" అన్నాడొకడు. రెండోవాడు నవ్వలేదు. అంటే ఆ పేరు పాతదే, అందరికీ అలవాటైపోయిందే అన్నమాట. కరివేపాకు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ పేరు నాకు ఊరికే రాలేదు. వాయిస్తూ వాయిస్తూ ఎవరైనా ఒక్క తప్పు కీ నొక్కితే చాలు, నా నోటి నుంచి వచ్చే మాట ఒకటే: "ఆగు. మొదట్నుంచి." పేజీ చివర్లో తప్పు పోయినా అంతే, పాట ఇంకో రెండు తాళం దెబ్బల్లో ముగుస్తుందనగా పోయినా అంతే. అదే క్రమశిక్షణ అనుకున్నాను. అదే నా గొప్ప అనుకున్నాను.

పోయినేడు పాఠాలు మానేశాను. వేళ్ల కణుపులు మాట వినడం లేదు. ఇప్పుడు ఎల్.బి. నగర్ చుట్టుపక్కల ఏ కాలనీలో చూసినా ఎవరో ఒక అమ్మాయి గేటుకు కీబోర్డు క్లాసులని బోర్డు కడుతోంది. వాళ్లలో ఒకరిద్దరు మా ఇంటికొచ్చి, ఎలా చెప్పాలి మేడం అని అడిగారు. ఎలా చెప్పకూడదో అయితే బాగా చెప్పగలనమ్మా అన్నాను. ఆ మాట మీదే ఇది రాస్తున్నాను.

పెట్టె పైకెక్కిన రోజు

మాది తెనాలి దగ్గర. గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు అక్కడి ప్రార్థన గదిలో పాత పియానో ఒకటి ఉండేది. నాకు నేర్పిన సిస్టర్ చాలా మంచావిడ, అంతకన్నా కఠినురాలు. తప్పు పోతే చెక్క స్కేలుతో పియానో మూత మీద ఒక్క దెబ్బ వేసి "మొదట్నుంచి" అనేవారు. నా చేతి మీద ఎన్నడూ కొట్టలేదు. నా బదులు ఆ మూతే దెబ్బలన్నీ తింది.

పెళ్లయ్యాక మావారి ఉద్యోగం వల్ల హైదరాబాదు వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో మొదటి అంతస్తులో రెండు గదుల అద్దె వాటాలో దిగాం. సికింద్రాబాద్‌లో ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తూ పియానో అమ్ముతోందని తెలిసి, నేను నోరు తెరిచి అడక్కముందే మావారు వెళ్లి మాట్లాడొచ్చారు. అది మెట్ల మలుపులో తిరగలేదు. బాల్కనీ కమ్మీలు ఊడదీసి, మోకులు కట్టి పైకి లాగాల్సి వచ్చింది. ఇంటి ఓనరు పెద్దాయన కింద నిలబడి ఒకటే అడిగాడు: "అమ్మా, గీ పెట్టెకు నా స్లాబ్ ఆగుతదా?" ఆగుతుందండీ అన్నాను. ఆయన నమ్మలేదు. ఆ తర్వాత చాలా రోజులు అన్నం తింటూ పైకప్పు వంక చూసేవాడని వాళ్లావిడ చెప్పింది. ఆరు నెలలకు తన మనవణ్ణే మొదటి శిష్యుడిగా పంపించాడు.

హాల్లోనే బడి

ఇంట్లో పాఠం చెప్పడమంటే మీకంటూ వేరే గది ఉండదు. మేము మన్సూరాబాద్‌లో సొంతిల్లు కట్టుకున్నాక కూడా అంతే. ఒక గోడకు పియానో, ఎదురు గోడకు టీవీ, మధ్యలో మావారి పేపరు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా ఆ హాలు మాది కాదు. ఆయన పేపరు తీసుకుని డాబా మీదికి వెళ్లేవారు. వానాకాలమైతే వంటింట్లో స్టూలు వేసుకునేవారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఒక్కసారి మాత్రం, "ఆ మూడో పాట వాడికి రాకపోయినా నాకొచ్చేసిందే" అన్నారు.

పొయ్యి మీద కుక్కరు, పక్కన పాఠం. మూడు కూతలయ్యేలోగా ఈ పేజీ అయిపోవాలి అనేదాన్ని, పిల్లలకు అదో ఆట. బడి నుంచి సరాసరి వస్తూ దారిలో మిర్చి బజ్జీలు తినొస్తారు కాబట్టి వాకిట్లో కుళాయి, సబ్బు, తువ్వాలు ఎప్పుడూ ఉండాలి. చేతులు కడుక్కోకుండా ఎవరూ పియానో ముట్టకూడదు. ఈ ఒక్క నియమం దగ్గర మాత్రం కలెక్టరు కొడుకైనా సరే మెత్తబడకండి.

బజ్జీ జిడ్డు కన్నా పెద్ద శత్రువు ఎలుక. ఒక వేసవిలో మేము ఊరెళ్లి వచ్చేసరికి లోపల తీగల్ని కొట్టే చిన్న సుత్తులకుండే ఉన్ని గుడ్డ, అదే ఫెల్టు, కొరికి గూడు పెట్టింది. పియానో శ్రుతి చేసే పెద్దాయన ఆ గూడును జాగ్రత్తగా బయటికి తీసి, "మీ స్టూడెంట్లందరిలో లోపలి దాకా పోయి నేర్సుకున్నది గిదొక్కటే మేడం" అన్నాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది గానీ, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఇంటి దగ్గర చెప్పేవాళ్లకు బాసులుండరని అనుకుంటారు. తల్లులున్నారు కదా. రాజ్యలక్ష్మి గారని భీమవరం ఆవిడ, ఇద్దరు మగపిల్లలు. పెద్దవాణ్ణి చేర్పించిన వారానికే, "ఏవండీ, నెలకి ఎన్ని పాటలొస్తాయండీ మావాడికి? వెనక వీధిలో నెలకి నాలుగు సినిమా పాటలు నేర్పిస్తున్నారంటండీ" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ సందులోకి తిరిగినా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీద ర్యాంకులే కనిపిస్తాయి, పియానోకూ అలాంటిదేదో ఉంటుందనుకున్నారు. "రెండు చేతులు కలవనివ్వండి, తర్వాత పాటలు లెక్కపెడదాం" అన్నాను.

ఆ రెండు చేతులు కలిసే రోజు గురించి చెప్పకపోతే ఈ రాతకే అర్థం లేదు. నెలల తరబడి కుడి చెయ్యి ఒక్కటే, ఎడమ చెయ్యి ఒక్కటే వాయిస్తారు. రెండూ కలిపితే గందరగోళం, కన్నీళ్లు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి రెండూ కలిసి నడుస్తాయి. పిల్ల తన చేతులను తనే వేరేవాళ్ల చేతుల్లా చూసుకుంటుంది, తర్వాత నా వైపు తిరిగి నవ్వుతుంది. ఎందరు పిల్లలొచ్చినా ఆ నవ్వు నాకు పాతబడలేదు. రోజంతా తలనొప్పితో ఉన్నా సరే, ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తినేదాన్ని.

మౌనిక

మౌనిక తొమ్మిదేళ్లప్పుడు వచ్చింది. వాళ్లది పోచంపల్లి వైపు చేనేత కుటుంబం. తండ్రి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాక కర్మన్‌ఘాట్‌లో కాపురముండేవారు. తల్లీ తండ్రీ ఇద్దరూ దుకాణంలోనే ఉంటారు కాబట్టి పిల్లను తీసుకొచ్చేది నాయనమ్మ బాలమ్మ. మంగళవారం, శుక్రవారం, సాయంత్రం ఐదు గంటలకు. మంగళవారమైతే ముందు కర్మన్‌ఘాట్ గుడికెళ్లి, నుదుట ఆంజనేయస్వామి సింధూరంతో వచ్చేది. కుర్చీ వేస్తే కూర్చోదు. "కాళ్లు ఏలాడేసి కూసుంటే నిద్రొస్తది మేడం" అని చాప మీద గోడకానుకుని కూర్చునేది. ఎదురుగా మనవరాలి వీపు, ఆ పక్కన నేను.

చేరిన రెండో నెలలోననుకుంటాను, వంటింట్లో కుక్కరు కూత వేసింది. మౌనిక వాయిస్తున్నది ఆపి, ఒక నల్ల కీ నొక్కి, "మేడం, మీ కుక్కర్ గిక్కడ కూస్తది" అంది. నేను రెండో కూత దాకా ఆగి పరీక్షించాను. నిజమే. సరిగ్గా ఆ స్వరమే. మూడో కూతకు ఇద్దరం నవ్వుకున్నాం, మావారు వంటింట్లోంచి ఏమైందని అడిగారు.

అలాంటి చెవి ఉన్న పిల్ల ఒక ఇంటి టీచరుకు చాలా అరుదుగా దొరుకుతుంది. పదకొండేళ్లకే నాతో, "పెద్దగైనంక నేను గూడ మీ లెక్క ఇంట్లనే పియానో చెప్త" అంది. డాక్టర్నవుతా, ఇంజినీర్నవుతా అనే పిల్లలను చూశాను గానీ, నాలాగా అవుతానన్న పిల్లను చూడటం అదే మొదలు. నాకు కళ్లు చెమర్చాయి, కనిపించకుండా పుస్తకం సర్దాను.

అందుకే ఆ పిల్ల దగ్గర ఇంకా పట్టుదలగా ఉన్నాను. పన్నెండో ఏట పియానో పరీక్షకు కట్టించాను. రెండు పేజీల చిన్న వాల్ట్జ్, మూడు దెబ్బల తాళంలో నడిచే నాట్యం పాట. ఒకటి, రెండు, మూడు. ఒకటి, రెండు, మూడు, అని తూగుతూ నడుస్తుంది. ఐదో వరుసలో ఒకచోట ఎడమ చెయ్యి ఉన్నట్టుండి దూరం దూకాలి. అక్కడ తప్పు పోయేది. పోయినప్పుడల్లా నేను "ఆగు, మొదట్నుంచి" అనేదాన్ని. మళ్లీ మొదటి నుంచి వచ్చి ఐదో వరుసలో పడేది. ఆరో వరుస నుంచి చివరి దాకా ఆ పిల్ల ఎన్నిసార్లు వాయించి ఉంటుందో నేను ఒక్కనాడూ ఆలోచించలేదు.

సికింద్రాబాద్ వెళ్లొచ్చిన రోజు

పరీక్ష సికింద్రాబాద్‌లో. అప్పటికి మా వైపు మెట్రో స్తంభాలే లేచాయి, రైలు లేదు. నేనూ బాలమ్మా మౌనికా బస్సులో వెళ్లాం. పరీక్ష గది రెండో అంతస్తులో, తలుపు మూసి ఉంది. బయట బెంచీ మీద కూర్చుంటే లోపలి వాయింపు వినిపిస్తుంది.

మొదటి నాలుగు వరుసలు వింటూ నేను బాలమ్మ చెయ్యి నొక్కాను. అంత బాగుంది. ఐదో వరుసలో చెయ్యి తప్పింది. ఆగింది. మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే తప్పింది. మళ్లీ మొదటి నుంచి. మూడోసారి ఐదో వరుస దగ్గరికి వస్తుంటే నేను బెంచీ మీంచి లేచాను. అక్కడికి రాగానే వాయింపు ఆగిపోయింది. తర్వాత ఇంకేమీ వినిపించలేదు.

బయటికొచ్చిన పిల్ల ఏడవలేదు. మెట్లు దిగుతుంటే నేను ఒక మాటన్నాను. రాయకుండా వదిలేద్దామా అని కూడా అనుకున్నాను, కానీ అది వదిలేస్తే మిగతాదంతా రాయడం దండగ. "ఇంట్లో సరిగ్గా ప్రాక్టీసు చేసుంటే ఇలా అయ్యేదా?" అన్నాను. మౌనిక నా వంక చూసి, సంచిలోంచి స్వరాల పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది.

"మేడం, గిది మీరే ఉంచుకోండ్రి" అంది. తిరుగు బస్సులో దిల్‌సుఖ్‌నగర్ దాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

రుమాలు

తర్వాతి మంగళవారం ఐదింటికి బాలమ్మ ఒక్కతే వచ్చింది. నుదుట సింధూరం, చేతిలో ప్రసాదం పొట్లం. చెప్పులు విప్పి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, వచ్చి చాప మీద కూర్చుంది.

"మౌనిక ఏదండీ?" అన్నాను.

"వస్తలేదు. ఇగ రానన్నది. పియానో ముట్టనన్నది."

"మరి మీరు?"

"ఐదు గంటల జాగ మీరు ఎవ్వరికన్న ఇస్తరు గద మేడం. జాగ కోసం మంది ఉన్నరట. బస్సు కిటికీలకెల్లి సీటు మీద రుమాలు ఏస్తరు సూడుండ్రి, గట్లనే. నేను పిల్ల రుమాలును."

రాజ్యలక్ష్మి గారి రెండోవాడు ఆ ఐదు గంటల కోసమే ఎదురుచూస్తున్నాడన్నది నిజం. ఆవిడ రోజుమార్చి రోజు ఫోను చేస్తున్నారు. "దసరా సెలవుల దాకా ఆగుతానండీ. అప్పటికీ రాకపోతే ఆ టైము ఇంకొకరికి ఇచ్చేయాలి" అన్నాను. బాలమ్మ వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకుంది. ఐదు వచ్చాయి. "చాలు" అంది.

ఇంట్లో సంగతులు ఆవిడే చెప్పేది. చిన్న కీబోర్డును మౌనిక పాత చీరలో చుట్టి మంచం కిందికి తోసేసింది. టీవీలో పాటొస్తే లేచి వెళ్లిపోతోంది. ఇదివరకు స్నానం చేస్తూ, అన్నం తింటూ ఏదో ఒకటి కూనిరాగం తీసే పిల్ల ఇప్పుడు నోరు విప్పడం లేదు. "గా సప్పుడు లేకపోతె ఇల్లు ఇల్లు లెక్క లేదు మేడం" అంది.

పోగు తెగితే

ఖాళీగా ఎదురెదురుగా ఎంతసేపని కూర్చుంటాం? రెండో వారం, "మీరు వాయించుండ్రి, నేనింట" అంది. మౌనిక వదిలేసిన పుస్తకమే స్టాండు మీద ఉంది. ఆ వాల్ట్జే వాయించాను. మధ్యలో గేటు చప్పుడైతే తల తిప్పాను, వేలు తప్పింది. ఆగి, మొదటి నుంచి మొదలుపెట్టాను.

"మల్ల మొదటికెందుకు పోయిన్రు?" అంది బాలమ్మ.

"తప్పు పోయిందండీ."

"మొదట్ల తప్పు లేదు గద. తప్పు నడుమల గద ఉన్నది."

నేను చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఆవిడ తాపీగా చెప్పుకుపోయింది. పెళ్లి కాకముందు నుంచీ ఆసు పోసిన మనిషి. చీర మగ్గమెక్కే ముందు నూలును వరసగా మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేసే పని అది. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ పోవాలి. దాంతోనే ఆవిడ కుడి భుజం పోయింది. "నడుమల పోగు తెగుతది మేడం. తెగని దినమే ఉండది. తెగిన కాడ ముడేస్తం, ముంగటికి పోతం. అంతే గని, తెగింది గద అని నేసిందంత ఇప్పి మల్ల మొదటికెల్లి నేస్తమా? గట్ల జేస్తె చీర మగ్గం మీదికెల్లి ఎన్నడు కొయ్యాలె?"

"సంగీతం చీర కాదండీ" అన్నాను. నా గొంతులో విసురు నాకే వినపడింది.

"నాకేమెర్క మేడం, నేను సదువుకున్నదాన్ని కాను. గని ఒక్కటి జెప్త. గానాడు పరీక్షల పిల్ల రెండు మాట్లు మొదటికి పోయింది. ముంగటికి ఎట్ల పోవాల్నో దానికి ఎవ్వలు నేర్పలే."

కోపమొచ్చింది. నిజం చెప్పాలి కదా, బాగా వచ్చింది. ఇన్నేళ్లుగా చెబుతున్నదాన్ని, నాకు చెప్పొచ్చిందా ఈవిడ అనుకున్నాను. ఆ రోజు ఆవిడకు టీ కూడా ఇవ్వలేదు. అయినా ఆవిడ "పోయొస్త మేడం, శుక్రారం వస్త" అని మామూలుగానే వెళ్లింది.

మర్నాడు పిల్లలొచ్చాక ఒక పని చేశాను. అందరి స్వరాల పుస్తకాలూ తెప్పించి వరసగా టీపాయి మీద పరిచాను. ప్రతి పాటలోనూ మొదటి పేజీ నలిగి, చెమట మరకలతో, నా ఎర్ర పెన్సిలు గీతలతో నిండి ఉంది. చివరి పేజీ కొన్నప్పటిలాగే తెల్లగా ఉంది. ఒక్కరిది కాదు, అందరిదీ. పంతొమ్మిదేళ్లు నేను పిల్లలకు పాట మొదలుపెట్టడమే నేర్పాను. "మొదట్నుంచి మేడం" అన్న మాట మెట్ల మీద నా చెవిన పడింది ఆ వారమే. కరివేపాకు గిన్నెతో ఎందుకలా నిలబడిపోయానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

శుక్రవారం బాలమ్మకు టీ ఇచ్చి, మీరన్నది నిజమేనండీ అన్నాను. "షక్కర జర ఎక్కువైంది" అంది ఆవిడ.

నానమ్మ తప్పు

ఆ రోజే ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టాను. కుడి చెయ్యి భుజం పైకి లేవదు గానీ, వేళ్లు భలే తేలిక. నూలు పట్టిన వేళ్లు కదా, కీని అదమకుండా తాకుతాయి. వాల్ట్జ్ చివరి వరుస ఒక్కటి, ఒంటి చేత్తో, వేళ్లకు అంకెలు చెప్పి నేర్పాను. మూడు క్లాసుల్లో వచ్చేసింది, ఒక్కచోట తప్ప. రెండో దెబ్బ దగ్గర పక్క కీ మీద వేలు పడేది. ఎన్నిసార్లు చూపించినా అంతే. అయితే ఆవిడ ఆగేది కాదు. తప్పు మీదుగా చివరి దాకా వెళ్లిపోయి, చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకునేది.

"ఇంటికాడ గూడ కొట్టుకుంటున్న" అని చెప్పింది. మంచం కింది కీబోర్డు తీసిందట, మౌనిక బడి నుంచి వచ్చే వేళకే కూర్చుంటుందట. పిల్ల ఏమంటోందని అడిగితే, "తలుపు ఏసుకుంటున్నది" అంది.

ఐదో వారం శుక్రవారం. అదే ఆఖరు. ఐదింటికి బాలమ్మ గుమ్మంలోకి వచ్చింది, వెనకాల యూనిఫాంలో మౌనిక. ముఖం కందగడ్డలా ఉంది.

"మేడం, నానమ్మకు తప్పు నేర్పిన్రు" అంది.

"ఎక్కడమ్మా?"

"రెండో దెబ్బ కాడ. రోజు గదే తప్పు. నేను ఆగుమంటె ఆగది. గదే కొట్టుకుంట పోతది. నాకు పిచ్చి లేస్తున్నది."

"నేనెందుకు ఆగుత?" అంది బాలమ్మ చాప పరుచుకుంటూ. "మేడం నాకు ఆగుడు నేర్పలే."

మౌనిక బయటికెళ్లి చేతులు కడుక్కుని వచ్చి, స్టూలు మీద కూర్చుని, "గిట్ల" అని ఆ చివరి వరుస వాయించింది. రెండు చేతులతో, తప్పు లేకుండా. ఐదు వారాల తర్వాత ఆ వీపును మళ్లీ పియానో ముందు చూస్తూ వెళ్లి, ఆ పక్కన నా చోట్లో నిలబడ్డాను.

"మౌనికా, ఆ రోజు మెట్ల మీద నేనన్న మాట తప్పమ్మా" అన్నాను. "ప్రాక్టీసు నీది తక్కువ కాలేదు. నేర్పడం నాది తక్కువైంది."

పిల్ల కీల వంకే చూస్తూ, "మల్ల మొదట్నుంచి వాయించాల్నా?" అంది.

"వద్దు. ఇవాళ చివరి వరుస. మంగళవారం దాని ముందు వరుస."

అలా వెనక నుంచి ముందుకు వచ్చాం. ఐదో వరుసకు చేరేసరికి ఆ పిల్లకు అక్కణ్ణుంచి చివరి దాకా తెలిసిన దారే. రాజ్యలక్ష్మి గారి రెండోవాడికి పావు తక్కువ ఆరు ఇచ్చాను, సణిగి ఒప్పుకున్నారు. బాలమ్మ ఆ రెండో దెబ్బ తప్పు కావాలనే చేసిందా అని తర్వాత ఎన్నోసార్లు అడిగాను. "నాకు నిజంగనే రాదు మేడం" అంటుంది. నాకు ఇప్పటికీ నమ్మకం లేదు.

ఆదివారం

కొత్తగా చెప్పేవాళ్లకు పనికొచ్చే ముక్క ఇక్కడ రాస్తాను. పాటను చివరి వరుస నుంచి నేర్పండి. ప్రతి పేజీలో రెండు మూడు చోట్ల పెన్సిలుతో చిన్న ముడి గుర్తు పెట్టండి. చెయ్యి తప్పితే ఆగకుండా తర్వాతి గుర్తు దగ్గర అందుకోవాలి. వారంలో ఒకరోజు పాఠం మధ్యలో ఉన్నట్టుండి "తెగింది" అని అరవండి, పిల్ల అక్కణ్ణుంచి గుర్తు దగ్గరికి దూకాలి. మా పిల్లలు దానికోసమే పోట్లాడుకునేవారు. తప్పు దిద్దడం మానమని కాదు. దిద్దే రోజు వేరు, వాయించే రోజు వేరు. ఈ రెండూ కలిపేసి నేను చాలామంది పిల్లల్ని బెదరగొట్టాను, వాళ్లలో కొందరు మళ్లీ రాలేదు. వాళ్లకు చెప్పుకోలేని క్షమాపణ కూడా ఇందులోనే ఉందనుకోండి.

ఏటా చలికాలం చివర ఒక ఆదివారం మా హాల్లో పిల్లలతో కచేరీ పెట్టేవాళ్లం. టెంట్ హౌస్ కుర్చీలు, అందరికీ ఉప్మా. ఆ ఏడు మౌనిక వాయించనంది. వారం రోజులకు, నానమ్మ ఎదురుగా కూర్చుంటే వాయిస్తానంది. బాలమ్మ ఆ రోజు కుర్చీలో కూర్చుంది, మొదటి వరసలో, నిద్ర రాకుండా నిటారుగా.

వాల్ట్జ్ మొదలైంది. నేను పియానో పక్కన నిలబడ్డాను. ఐదో వరుసలో ఎడమ చెయ్యి దూకింది, పక్క కీ మీద పడింది. పిల్ల రెండు చేతులూ కీల మీంచి పైకి లేచాయి. నా పెదవులు వాటంతట అవే "మొదట్నుంచి" అనడానికి కదిలాయి. పళ్లు బిగించాను. ఒకటి, రెండు, మూడు. చేతులు ఆరో వరుస ముడి గుర్తు దగ్గర దిగాయి. అక్కణ్ణుంచి చివరి దాకా తూగుతూ వెళ్లిపోయింది.

అందరూ చప్పట్లు కొట్టారు. మౌనిక నేరుగా నాయనమ్మ దగ్గరికి వెళ్లింది.

"తెగింది నానమ్మా" అంది మెల్లగా. "ఐదో వరుసల."

"ముడేసినవా?"

"ఏసిన."

"నాకైతె అగుపడలే" అంది బాలమ్మ, కొంగుతో ఆ పిల్ల ముఖం తుడుస్తూ.

మౌనికకు ఇప్పుడు ఇరవై రెండు దాటాయి. రెండు నెలల కిందట అల్మాస్‌గూడలో వాళ్ల కొత్తింటి హాల్లోనే క్లాసు మొదలుపెట్టింది. చూడటానికి రమ్మంటే వెళ్లాను. మెట్ల మీద చెప్పులు విప్పుకుంటుంటే లోపల ఎవరో చిన్నపిల్ల వాయిస్తోంది, మధ్యలో తప్పు కీ పడింది. అలవాటు కొద్దీ నేను కమ్మీ పట్టుకుని ఆగిపోయాను.

వాయింపు ఆగలేదు. ఆ పిల్ల తడబడుతూనే ముందుకు వెళ్లింది, చివరి దాకా వెళ్లింది. తలుపు సందులోంచి చాప మీద బాలమ్మ కనిపించింది.

నేను చెప్పులు పక్కకు పెట్టి, వాకిట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, లోపలికి వెళ్లాను.